ఊరి మురుగుకు చట్టము వ్రాసిన ఎడ్విన్ చాడ్విక్

శానిటరీ ఇన్‌స్పెక్టరు అను ఉద్యోగిని మన పట్టణములలో ఎరుగనివారుండరు. కాలువలు తీయించుట, అంగళ్లలో కుళ్ళిన సరకు పారవేయించుట, బావులలో మందు కలిపించుట అతని పనులని బడిపిల్లలు కూడ చెప్పుదురు. అయితే ఈ ఉద్యోగము ఎట్లు పుట్టెను? ఒక ఊరికి మంచినీటి కుళాయిలు కావలెనన్నచో ఎవరు అడుగవలెను, ఎవరు కొలతలు తీయవలెను, ఎవరు అప్పు తేవలెను, ఆ అప్పును ఎన్నియేండ్లలో ఎవరు తీర్చవలెను? ఈ ప్రశ్నలకన్నిటికి ఒక్కచోట సమాధానము చెప్పబూనినది 1848 నాటి ఇంగ్లండు ప్రజారోగ్య చట్టము. దాని వెనుక నున్న పురుషుడు ఎడ్విన్ చాడ్విక్.

అతడు వైద్యుడు కాడు. ఇంజనీరు కాడు. పార్లమెంటులో ఒక్కనాడును సభ్యుడుగా కూర్చుండలేదు. న్యాయశాస్త్రము చదివెనేగాని న్యాయస్థానమున వాదించి పేరు గడించినవాడును కాడు. కార్యదర్శి కుర్చీలో కూర్చుండి, నివేదికలతోను లెక్కలతోను ఒక దేశపు ఊళ్ల రూపమును మార్చ సంకల్పించెను. అతనికి స్నేహితులు కొద్దిమంది, శత్రువులు వేనవేలు. రోగకారణమును గురించి అతడు నమ్మిన సిద్ధాంతము తప్పు. ఆ తప్పు సిద్ధాంతముపై అతడు కట్టిన కట్టడము మాత్రము నిలిచినది. ఈ వింతవలననే అతని చరిత్ర తెలిసికొనదగియున్నది.

చాడ్విక్ 1800వ సంవత్సరము జనవరి 24వ తేదీన మాంచెస్టరు నగరమునకు చేరువనున్న లాంగ్‌సైట్ అను గ్రామమున జన్మించెను. తాత వెస్లీ మతబోధకుని స్నేహితుడు, భక్తుడు. తండ్రి జేమ్స్ చాడ్విక్ పత్రికారచయిత, తీవ్రమైన రాజకీయాభిప్రాయములు గలవాడు. బాల్యముననే తల్లి మరణించెను. ఎడ్విన్ పదియేండ్ల ప్రాయమున నుండగా కుటుంబము లండనునకు తరలివచ్చెను. తండ్రికి ద్వితీయ వివాహమువలన కలిగిన హెన్రీ చాడ్విక్ అను కుమారుడు చిన్నతనముననే అమెరికాకు వెళ్లి, అచ్చటి బేస్‌బాల్ ఆటకు నియమములను, లెక్కలను కూర్చి, ఆ క్రీడకు పితామహుడని కీర్తి పొందెను. అన్న మురుగుకాలువల లెక్కలు వేయగా, తమ్ముడు బంతియాట లెక్కలు వేసెను. లెక్కలపై మక్కువ ఆ యింటి సొత్తు కాబోలును.

ఎడ్విన్ ఒక న్యాయవాది కార్యాలయమున పని నేర్చుకొని, 1823లో ఇన్నర్ టెంపులున చేరి, 1830లో బారిస్టరు పట్టము పొందెను. ఈలోగా పొట్టకూటికి పత్రికలకు వ్యాసములు వ్రాయుచుండెను. 1828లో జీవితబీమాను గురించియు, 1829లో నేరములు జరిగిన పిదప శిక్షించుటకంటె జరుగకుండ నివారించు పోలీసు వ్యవస్థను గురించియు వ్రాసిన వ్యాసములు వృద్ధతత్త్వవేత్త జెరిమీ బెంథాము దృష్టిని ఆకర్షించెను. అధికసంఖ్యాకుల అధికసుఖమే శాసనములకు గీటురాయి కావలెనని బోధించిన బెంథాము ఆ యువకుని తన యింటికి పిలిపించుకొని కార్యదర్శిగా నుంచుకొనెను. 1832 జూన్‌లో బెంథాము మరణించువరకు చాడ్విక్ అతని చెంతనే యుండెను. వచ్చిన ఆపదను మాన్పుటకంటె రాకుండ చేయుట చవుక అను సూత్రము అతనికి అచ్చట రక్తగతమయ్యెను. చవుక అను మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. చాడ్విక్ హృదయమున దయ లేదని చెప్పరాదు. కాని అతడు వాదించునపుడు దయను సాక్షిగా పిలువడు, ఖర్చును పిలుచును.

అతని మొదటి పెద్దపని అతనికి కీర్తి తేలేదు. బీదల పోషణచట్టమును సంస్కరించుటకు 1832లో నియమింపబడిన సంఘమున అతడు చేరెను. నాసో సీనియర్ అను అర్థశాస్త్రజ్ఞునితో కలసి వ్రాసిన నివేదిక 1834లో చట్టమయ్యెను. ఒడలు గట్టిగానున్న బీదవాడు సాయము కోరినచో ఇంటివద్ద ఇవ్వరాదు. అతడు పనిశాలలో చేరవలెను. అచ్చటి జీవితము వెలుపలి కడపటి కూలివాని జీవితముకంటె హీనముగా నుండవలెను. ఈ నియమమువలన ఆలుబిడ్డలు వేరువేరు కొట్లలో పడిరి. ఇంగ్లండు బీదలు పనిశాలను చెరసాలగా తలచిరి. 1845లో ఆండోవరు పనిశాలలో ఆకలికి తాళలేక అచ్చటివారు ఎరువునకై నలుగగొట్టుచున్న ఎముకలలోని మూలుగ తినుచుండిరని బయల్పడి దేశమంతయు రోసిపోయెను. ఆ పాపములో ఎంతభాగము చాడ్విక్‌ది, ఎంతభాగము అతనిని లెక్కచేయని పైయధికారులది అని చరిత్రకారులు తర్కింతురు. బీదలు మాత్రము ఆ తర్కము చేయలేదు.

అయినను ఆ చట్టములోనుండియే తరువాతి మంచిపని మొలకెత్తెను. చిన్నచిన్న గ్రామములను జతలుగా కూర్చి, పన్ను చెల్లించువారు ఎన్నుకొను స్థానిక సంఘమునకు అప్పగించి, దానిపై కేంద్రమునుండి తనిఖీ యుంచుట అను పద్ధతిని చాడ్విక్ ఇచ్చటనే రూపించెను. బీదల పోషణకు పెట్టు ఖర్చును తరచి చూడగా అతనికి ఇంకొక సంగతి తోచెను. జ్వరముతో ఇంటి యజమాని చనిపోవును, భార్య విధవయగును, బిడ్డలు అనాథలగుదురు, అందరును ఊరి పన్నుమీద పడుదురు. అట్లయిన, వారిని పోషించు పన్నులో కొంతభాగముతో ఆ జ్వరమును పుట్టించు మురికినే తొలగించినచో లాభము గాదా? 1838లో కొన్నిచోట్ల పోషణసంఘములవారు రోగకారకములగు పెంటకుప్పలను ఎత్తివేయించుటకు బీదల పన్ను వినియోగింపగా, చట్టమున అధికారము లేదని ఆడిటర్లు ఆ ఖర్చును త్రోసివేసిరి. ఈ చిన్న ఆడిటు అభ్యంతరమే ఒక మహోద్యమమునకు నాందియయ్యెను. ఆర్నాట్, కే, సౌత్‌వుడ్ స్మిత్ అను ముగ్గురు వైద్యులు లండను జ్వరపీడిత వాడలను చూచి నివేదిక లిచ్చిరి. మరుసటియేట లండను బిషప్పు ప్రభువుల సభలో ప్రతిపాదింపగా, ఈ విచారణ దేశమంతటికి వ్యాపించెను. ఆ యేడే చాడ్విక్ మాంచెస్టరు మిల్లు యజమాని జాన్ కెన్నెడీ కుమార్తె రేచెల్‌ను వివాహమాడెను.

శ్రామికవర్గముల పారిశుద్ధ్యస్థితిని గురించిన ఆ నివేదిక 1842లో వెలువడెను. అతని పైయధికారులు దానిపై తమ సంతకములుంచ నిరాకరించిరి. చాడ్విక్ తన పేరనే ప్రకటించెను. వేలకొలది ప్రతులు పంచబడెను. సర్కారు నివేదికను జనులు అంతగా చదువుట అదివరకెన్నడును లేదు. అందలి ఒక పట్టిక ఇప్పటికిని పుస్తకములకెక్కుచున్నది. మాంచెస్టరులో ఉన్నతకుటుంబములవారు మరణించునప్పటి సగటు వయస్సు 38 యేండ్లు, వర్తకులది 20, కూలివారిది 17. రట్లండు అను పల్లెసీమలో ఇవియే వరుసగా 52, 41, 38. లివర్‌పూలులో 35, 22, 15. అనగా పల్లెటూరి కూలివాడు నగరపు శ్రీమంతునితో సమానముగ బ్రతుకుచుండెను.

ఇచ్చట గణితోపాధ్యాయులు ఒకమాట చెప్పవచ్చును. మరణించినవారి వయస్సుల సగటు, జీవించువారి ఆయుర్దాయము ఒకటి కావు. పసిబిడ్డలు పెక్కుమంది చనిపోవు చోట సగటు దిగజారును. కూలివాడు 17వ యేట చనిపోవుచుండెనని దానికర్థము కాదు. వేగముగా పెరుగు పట్టణమున పిల్లల సంఖ్య యెక్కువ గనుక ఆ సగటు ఇంకను తగ్గును. ఈ దోషమును ఆనాటి గణాంకవేత్తలే పట్టిరి. కాని పట్టిక చేయవలసిన పని చేసెను. మురికివాడకు, శవపేటికకు గల సంబంధమును ఇక ఎవ్వరును కాదనలేకపోయిరి.

దీనికంటె పెద్దదోషము వేరొకటి కలదు. ఎడింబరో వైద్యుడు అలిసన్, జ్వరమునకు మూలము దారిద్ర్యమని, కూలి తక్కువై తిండి చాలని శరీరమే రోగమునకు లొంగుననియు వాదించెను. మరణకారణములను వర్గీకరించుచున్న విలియమ్ ఫార్ ఆకలిచావులను ఆకలిచావులుగానే లెక్కింప, చాడ్విక్ కినిసి లేఖలు వ్రాసెను. కూలిరేట్లను చర్చకు తెచ్చినచో తన పోషణచట్టమునకే ముప్పు. అందుచేత దారిద్ర్యమువలన రోగము గాదు, రోగమువలననే దారిద్ర్యమని అతడు పట్టుపట్టెను. సత్యము రెండువైపుల నున్నది. అతడు ఒకవైపే చూచుట అమాయకత్వమువలన గాదని నాకు తోచుచున్నది. గొట్టములు వేయుటకు ప్రభుత్వమును ఒప్పింపవచ్చును. కూలి పెంచుటకు ఒప్పించుట ఆనాడు అసాధ్యము.

అతని పథకమునకు ప్రాణము నీరు. ఎడతెగని ఒత్తిడితో ప్రతియింటికి నీరు రావలెను. ఆ నీరే మరుగుదొడ్డిని కడిగి, గట్టిగా కాల్చి నున్నగా పూతవేసిన సన్నని మట్టిగొట్టములగుండ మురుగును ఊరి వెలుపలికి కొనిపోవలెను. అచ్చట అది పొలములకు ఎరువు కావలెను. శరీరమున రక్తము ప్రవహించునట్లు ఊరిలో నీరు ప్రవహింపవలెనని అతని భావన. అదివరకు మనుషులు దూరి శుభ్రపరచవలసినంత వెడల్పుగల ఇటుకసొరంగములు కట్టుచుండిరి; వాటిలో మురుగు పారక పేరుకొనుచుండెను. హోల్బార్న్ ప్రాంతపు సర్వేయరు జాన్ రో కోడిగ్రుడ్డు ఆకారముగల కాలువలలో నీరు వడిగా పారి మడ్డిని తానే ఈడ్చుకొనిపోవునని చూపియుండెను. నాటింగ్‌హాములో థామస్ హాక్‌స్లీ రాత్రింబగళ్లు ఎడతెగక కుళాయినీరు ఇచ్చుచుండెను. ఇవన్నియు విడివిడిగా ఉన్నవే. వీటిని కూర్చి ఒక్క యంత్రముగ జేసి, ఆ యంత్రమునకు చట్టమును, పన్నును, అప్పును బిగించుట చాడ్విక్ ప్రతిభ.

1848 ఆగస్టులో చట్టము నెగ్గెను. లండనునకు, స్కాట్లండునకు అది వర్తింపలేదు. లండనులో ఆరోగ్యకేంద్రసంఘ మొకటి యేర్పడెను. మార్పెత్ ప్రభువు అధ్యక్షుడు, ఆష్లీ ప్రభువు ఒక సభ్యుడు, చాడ్విక్ జీతముగల సభ్యుడు. తరువాత సౌత్‌వుడ్ స్మిత్ వైద్యసభ్యుడుగా చేరెను. ఊళ్లలో పని జరుగు విధము మాత్రము మనము కొంత నిదానించి చూడవలెను. ఒక ఊరిలో పన్ను చెల్లించువారిలో పదియవవంతుమంది సంతకములు చేసి అర్జీ పంపినచో కేంద్రసంఘము ఇన్‌స్పెక్టరును పంపును. అర్జీ లేకున్నను, ఏడేండ్ల సగటున వేయిమందికి 23 మందికి మించి చనిపోవుచుండినచో పంపవచ్చును. ఇన్‌స్పెక్టరు ఇంజనీరై యుండును. అతడు ముందుగా ప్రకటన చేసి, ఊరిలో బహిరంగ విచారణ జరిపి, ఎవరైనను వచ్చి అనుకూలముగనో ప్రతికూలముగనో చెప్పుకొనుటకు అవకాశమిచ్చును. వీధివీధి తిరిగి బావులు, దొడ్లు, కాలువలు, శ్మశానములు చూచును. చావుల పట్టీలు తిరుగవేయును. పిదప నివేదిక అచ్చు వేయించును. అందు ఊరి స్థితియేగాక, చేయవలసిన పనులును, వాటి వ్యయమును, ఒక్కొక్క యింటికి వారమునకెన్ని పెన్నీలు పడునో ఆ లెక్కయు నుండును.

ఆ మీదట స్థానిక ఆరోగ్యసంఘము ఏర్పడును. పురపాలక సంఘమున్న చోట అదే ఆరోగ్యసంఘము; లేనిచోట ఎన్నిక. ఆ యెన్నికలో ఆస్తినిబట్టి ఒకటి మొదలు ఆరు వరకు ఓట్లుండెను. ఇంటి యజమానియు, కాపురమున్నవాడును ఒక్కడేయైనచో అతనికి రెండింతలు. మురికియిండ్లు అద్దెకిచ్చి బ్రతుకువారికే ఎక్కువ ఓట్లు పడినవని వేరుగా చెప్పనక్కరలేదు. సంఘము సర్వేయరును, పారిశుద్ధ్య తనిఖీదారును నియమింపవలెను. ఆరోగ్యాధికారిగా వైద్యుని నియమించుట సంఘము ఇష్టము. లివర్‌పూలు నగరము తన ప్రత్యేక చట్టముతో 1847 జనవరిలోనే డాక్టరు డంకన్‌ను ఆ పదవిలో నిలిపియుండెను గాని, తక్కిన ఊళ్లు పెక్కు ఆ జీతము మిగుల్చుకొనుటకే చూచినవి. చట్టములోని అతిముఖ్యమైన భాగము అప్పు. పన్నునే హామీగా చూపి అప్పు తెచ్చి, 30 యేండ్లవరకు వాయిదాలలో తీర్చవచ్చును. అదివరకు, రేపు ఇల్లు ఖాళీచేయబోవు కాపురస్థుడు ముప్పదియేండ్లు నిలువబోవు కాలువకు ఈ యేడే మొత్తము సొమ్ము కట్టవలసివచ్చుచుండెను. ఎవడు కట్టును? వాయిదాలతో ఆ భారము తరములకు పంచబడెను.

ఈ యంత్రము ఒక ఊరిలో నడచిన విధము ఆంగ్లసాహిత్యము చదివిన విద్యార్థులకు ఆసక్తికరముగ నుండును. యార్క్‌షైరు కొండలపై హావర్త్ అను ఊరు కలదు. నవలలు వ్రాసి వాసికెక్కిన బ్రాంటీ సోదరీమణుల తండ్రి పాట్రిక్ బ్రాంటీ ఆ ఊరి చర్చి ఆచార్యుడు. 1848 సెప్టెంబరు మొదలు 1849 మే లోపల అతని కుమారుడు బ్రాన్‌వెల్, కుమార్తెలు ఎమిలీ, ఆన్ వరుసగా మరణించిరి. ఆ 1849లోనే ఆ వృద్ధుడు ఊరివారి సంతకములు సేకరించి కేంద్రసంఘమునకు అర్జీ పంపెను. పిల్లలను తీసికొనిపోయినది క్షయ. దానిని కుళాయినీరు ఆపియుండదు. అయినను ఊరిలో తాను చేయించు అంత్యక్రియల లెక్క అతనికి తెలిసినంత మరెవ్వరికి తెలియును?

1850 ఏప్రిల్‌లో బెంజమిన్ బాబేజ్ అను ఇన్‌స్పెక్టరు వచ్చెను. ఇతడు గణనయంత్రమును ఊహించిన చార్లెస్ బాబేజ్ కుమారుడు. అతడు చూచినది భీకరము. ఊరి సగటు మరణవయస్సు 25.8 యేండ్లు. పుట్టినవారిలో నూటికి 41.6 మంది ఆరవయేడు రాకుండనే చనిపోవుచుండిరి. ఒక్కొక్క మరుగుదొడ్డిని పెక్కు కుటుంబములు వాడుచుండెను. పెంటకుప్పలు గుమ్మములయెదుటనే యుండెను. చర్చి పెరటిలో పదియేండ్లలో 1,300 మందికి పైగా పూడ్చబడియుండిరి. ఆ శ్మశానము మిట్టన, ఇండ్లు పల్లమున. బాబేజ్ కుళాయినీటిని, మురుగుగొట్టములను, శ్మశానము మూసివేయుటను సిఫారసు చేసెను. అంతట ఊరిలోని ఆస్తిపరులు కదిలిరి. తమ బావి మంచిదేయనియు, తమ పొలములను ఆరోగ్యసంఘపు ఎల్లలనుండి తప్పింపవలెననియు అర్జీలు పెట్టిరి. పాట్రిక్ బ్రాంటీ మరల మరల లేఖలు వ్రాయుచునే యుండెను. సంఘమేర్పడియు, నీటిచెరువు నిర్మాణము కొన్నియేండ్లు సాగెను. షార్లట్ 1855లో మరణించెను. అడిగినవారు, అడ్డినవారు, లెక్కవేసినవారు, కట్టినవారు అందరును ఆ ఊరివారేయైనను, వెలుపలినుండి వచ్చిన ఒక కాగితము లేకున్న పని మొదలుకాకపోయెడిది. ఊరిపెద్దల చేతికే సర్వము విడువరాదని చాడ్విక్ పట్టుపట్టుటకు ఇట్టి ఊళ్లే కారణము.

కాని ఆ పట్టుదల హద్దు మీరెను. ప్రతి ఊరికి ఒకే కొలత గొట్టము, ఒకే నమూనా అని అతడు కేంద్రమునుండి ఆజ్ఞాపించుచుండెను. ఇంజనీరు ఎవడైన అభ్యంతరము చెప్పినచో మూర్ఖుడో స్వార్థపరుడో అనుకొనుచుండెను. ఒకప్పుడు తోడ్పడిన హాక్‌స్లీవంటి ఇంజనీర్లు విరోధులైరి. క్రాయ్‌డన్ పట్టణమున కొత్త గొట్టముల పని జరిగినంతనే 1852-53లో టైఫాయిడు చెలరేగగా, గొట్టములు పూడిపోవుచున్నవని శత్రువులు దండోరా వేసిరి. నీటికంపెనీలు, శ్మశాన యజమానులు, పార్లమెంటు ప్రతినిధులు, మతసంఘములు, స్థానికస్వాతంత్ర్యవాదులు అందరు నొకటైరి.

లండనులో అతడు చేసిన పని ఒకటి విషాదకరము. దుర్వాసనయే రోగమని అతని నమ్మకము. కుళ్లిన పదార్థమునుండి వెలువడు విషవాయువు రక్తమును చెరచునని ఆనాటి వైద్యులలో పెక్కుమంది నమ్మిక. కనుక 1848-49లో కలరా వచ్చినపుడు, నగరములోని మురుగుగుంటలను తొలగించి, కాలువలను నీటితో కడిగి, ఆ మలినమంతయు థేమ్స్ నదిలోనికి పంపుటకు లండను మురుగుకాలువల సంఘము పూనుకొనెను. ఆ నదినీటినే కొన్ని కంపెనీలు నగరమునకు త్రాగనిచ్చుచుండెను. ఆ కలరాలో లండనులో 14,000 మందియు, ఇంగ్లండు వేల్సులలో మొత్తము 53,000 మందియు మరణించిరి. కడిగినందువలన ఎంతమంది అదనముగా చనిపోయిరో లెక్క కట్టలేము. కాని వాసన తగ్గింపబోయి త్రాగునీటిని కలుషితము చేసిరనుట నిస్సంశయము.

డాక్టరు జాన్ స్నో ఆ సమయముననే కలరా నోటిద్వారా, నీటిద్వారా వచ్చునని ప్రకటించెను. 1854లో దక్షిణ లండనులో రెండు కంపెనీల నీరు త్రాగు ఇండ్లను అతడు పోల్చిచూచెను. నదియొక్క మురికిభాగమునుండి తోడు కంపెనీ ఇండ్లలో పదివేల యిండ్లకు 315 మరణములు. ఎగువకు మారిన కంపెనీ యిండ్లలో 37. ఇంతకంటె నిదర్శనమేమి కావలెను? అయినను చాడ్విక్ అంగీకరింపలేదు. 1883-84లో కాఖ్ పండితుడు కలరా క్రిమిని సూక్ష్మదర్శనిలో చూపిన తరువాతగూడ అతడు తన విషవాయువునే నమ్ముచు వృద్ధుడయ్యెను. నీరు శుభ్రము కావలెను, మలము దూరము పోవలెను అను అతని చికిత్స స్నో సిద్ధాంతమునకును సరిపోయినది; అది అతని అదృష్టము, అంతకు మించి ఊళ్ల అదృష్టము.

1854 జూలై చివర పార్లమెంటు ఆరోగ్యసంఘపు బిల్లును ఓడించెను. చాడ్విక్‌కు సంవత్సరమునకు 1,000 పౌనుల ఉపకారవేతనమిచ్చి ఇంటికి పంపిరి. పత్రికలు సంతోషించినవి. అప్పటికతనికి 54 యేండ్లు. ఆ పిదప 36 యేండ్లు జీవించియు మరల ఒక్క ప్రభుత్వపదవి పొందలేదు.

ఆ సుదీర్ఘ విశ్రాంతిలో అతడు ఊరకుండలేదు. 1859లో గణాంకశాస్త్ర సంఘమున చదివిన ప్రసంగమొకటి అర్థశాస్త్రజ్ఞులు నేటికిని ఎత్తుకొందురు. ఒకే వీధిలో మూడు నీటికంపెనీలు మూడు గొట్టములు వేసి పోటీపడుట వ్యర్థవ్యయము. చివరకు మూడును ఏకమై ధర పెంచును. అట్లుగాక, ఊరి పక్షమున ఒక అధికారి ఎట్టి సేవ, ఎంత పరిమాణమున, ఏ ధరకు కావలెనో ముందే వ్రాసి, ఆ ఊరంతటికి ఒక్కరికే నిర్ణీతకాలమునకు గుత్త యిచ్చుటకు పోటీ పెట్టవలెను. రంగములో పోటీ గాదు, రంగముకొరకు పోటీ. టెండరు పిలిచి షరతులు వ్రాయు నేటి పురపాలక అధికారి తెలియకయే చాడ్విక్ శిష్యుడు. 1868లో జాన్ స్టూవర్ట్ మిల్ ప్రోత్సాహముతో కిల్మార్నాక్ స్థానమునకు పార్లమెంటు ఎన్నికలలో నిలిచి ఓడిపోయెను. ఓటర్ల మెప్పు పొందు విద్య అతనికి అబ్బినది కాదు.

అతడు తొలగినను చట్టము పెరుగుచు వచ్చెను. అతనివలె గర్జింపక, ఓర్పుతో ఒప్పించు డాక్టరు జాన్ సైమన్ ఆ పనిని ముందుకు నడిపెను. 1872లో ప్రతి ప్రాంతమునకు ఆరోగ్యాధికారి తప్పనిసరియయ్యెను. 1875లో చట్టములన్నియు ఒక్కటిగా కూర్పబడెను. ఆ ఆరోగ్యాధికారి పదవి ఒక శతాబ్దము నిలిచి, 1974లో జాతీయారోగ్య సేవలో లీనమై, మరల 2013 ఏప్రిల్‌లో ఇంగ్లండు ప్రజారోగ్యబాధ్యత స్థానికసంఘములకు తిరిగివచ్చెను. కేంద్రమా, ఊరా అను చాడ్విక్ నాటి తగవు నేటికిని తీరలేదు.

మన దేశమునకును దీని గాలి సోకినది. ఫ్లారెన్స్ నైటింగేల్‌కు, చాడ్విక్‌కు చిరకాలము లేఖలు నడిచినవి. ఆమె ప్రోద్బలమున ఏర్పడిన రాజసంఘము భారతదేశపు సైన్యముయొక్క ఆరోగ్యస్థితిని విచారించి, ఏటేట వేయిమంది సైనికులలో 69 మంది చనిపోవుచున్నారని 1863లో తెలిపెను. మరుసటియేట మద్రాసు, బొంబాయి, బెంగాలు రాజధానులలో పారిశుద్ధ్య సంఘములు వెలసినవి. అవి మొదట చూచినది దండుబజారులనే గాని మన పేటలను గాదు. ఆంధ్రజిల్లాలు చేరియున్న మద్రాసు రాష్ట్రమున 1939లో ప్రజారోగ్య చట్టము వచ్చెను. నీటిసరఫరా, మురుగు, అంటువ్యాధులు, ఆహారశుద్ధి, ఆరోగ్యాధికారుల నియామకము, స్థానికసంఘములు తమ రాబడిలో కొంత వంతును ఆరోగ్యమునకే వేరుచేయుట మున్నగు విషయములందు 1848 చట్టము పోలికలు కనిపించును. ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన తరువాతను అది ఆ ప్రాంతమున కొనసాగెను.

చాడ్విక్ కుమారుడు ఆస్బర్ట్ ఇంజనీరై, 1882లో హాంకాంగ్ ద్వీపమునకు పోయి అచ్చటి చీనావారి యిండ్లను, కాలువలను పరిశీలించి నివేదిక వ్రాసెను. మరుసటియేట అచ్చట పారిశుద్ధ్యసంఘము స్థాపింపబడెను. తండ్రి 1884లో ప్రజా పారిశుద్ధ్య తనిఖీదారుల సంఘమునకు మొదటి అధ్యక్షుడయ్యెను. ప్రభువులు, మంత్రులు తన్ను వెలివేసిన పిమ్మట, కాలువలవెంట తిరుగు చిన్నయుద్యోగులు తన్ను పెద్దగా నిలుపుకొనుట అతనికి ఎట్లు తోచియుండునో. 1889లో, ఎనుబదితొమ్మిదవ యేట, ప్రభుత్వము సర్ అను బిరుదమిచ్చెను. 1890 జూలై 6వ తేదీన ఈస్ట్ షీన్‌లోని తన గృహమున అతడు మరణించెను.

లండనులో ఉష్ణమండలవ్యాధుల విద్యాలయము 1929లో తెరువబడినపుడు ఆ భవనపు గోడలపై ప్రజారోగ్యమునకు సేవచేసినవారి పేర్లు చెక్కిరి. వాటిలో చాడ్విక్ పేరు కలదు. 1897 ఆగస్టున మన సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనిన రొనాల్డ్ రాస్ పేరును ఆ గోడపైనే యున్నది.